వద్దన్న వాకిట్లోనే పెద్ద కుర్చీ!

సినిమా అయిపోగానే లేచి పోయే అలవాటు నాకు లేదు. తెరమీద పేర్లు పడుతుంటే చివరి పేరు దాకా కూర్చుంటాను. హాలు ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని 'ఇంకా ఏముంది బాబూ, అయిపోయిందిగా' అన్నట్టు చూస్తుంది. ఏం చెయ్యను? అలవాటు అలాంటిది. మన పాత చిత్రాల్లో పేర్లన్నీ మొదట్లోనే పడేవి కనుక పేచీ లేదు. ఈ కంప్యూటర్ బొమ్మల చిత్రాలు వచ్చాక పేర్లు చివరికి పోయాయి. పైగా వందల కొద్దీ!

అలా కూర్చున్న ఓ రోజున పక్క సీటులోని కుర్రాడు కూడా కూర్చునే ఉన్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడట. "ఇంతమంది ఎందుకు సార్? బొమ్మలన్నీ కంప్యూటరే గీస్తుందిగా?" అన్నాడు.

"కంప్యూటరుకి గీయడం ఎవరు నేర్పారు బాబూ?" అన్నాను.

"ఎవరో స్టూడియోవాళ్లు నేర్పి ఉంటారు."

"కాదు. నీలాంటి కాలేజీ కుర్రాళ్లే!"

నమ్మలేదు. బయట టీకొట్టు దగ్గర రెండు టీలు చెప్పి, ఆ కథంతా వినిపించాను. అదే మీకూ చెబుతున్నాను. చిత్తగించండి.

తొలి రీలు: ఒక ఎడమ చెయ్యి

అమెరికాలో యూటా అని ఒక రాష్ట్రం. దాని ముఖ్యపట్టణం సాల్ట్ లేక్ సిటీ. హాలీవుడ్ తళుకులకు చాలా దూరం. అక్కడి విశ్వవిద్యాలయంలో 1960ల నడుమ డేవిడ్ ఈవాన్స్ అనే ప్రొఫెసర్ కంప్యూటర్ శాఖను నిలబెట్టాడు. 1968లో ఐవాన్ సదర్లాండ్ వచ్చి చేరాడు. ఈయన సామాన్యుడు కాడు. 1963లోనే, ఎం.ఐ.టి.లో చదువుకునే రోజుల్లో, కంప్యూటర్ తెరమీద లైటు కలంతో బొమ్మ గీసి చూపించినవాడు. పరిశోధనకి డబ్బు అమెరికా రక్షణశాఖ వారి ఆర్పా సంస్థ ఇచ్చేది. ఇద్దరు ప్రొఫెసర్లూ ఊరుకోలేదు. అదే 1968లో తమ పేర్లతోనే 'ఈవాన్స్ అండ్ సదర్లాండ్' అని కంపెనీ పెట్టారు. విమానం నడపడం నేర్చుకునేవాళ్లకి నేలమీదే ఆకాశాన్ని చూపించే యంత్రాలు దాని సరుకు. క్లాసులో పుట్టిన ఆలోచన కంపెనీకి పోయేది. కంపెనీలో వచ్చిన చిక్కుముడి మళ్లీ క్లాసుకి వచ్చేది. రెంటికీ మధ్య గోడ ఉండేది కాదు.

ఆ క్లాసులోనే ఉన్నాడు మన కథానాయకుడు ఎడ్ క్యాట్‌మల్. చిన్నప్పుడు టీవీలో వాల్ట్ డిస్నీని చూసి, పెద్దయ్యాక డిస్నీ స్టూడియోలో బొమ్మలు వెయ్యాలని కలలు కన్నాడు. కానీ చెయ్యి తిరగలేదు. నా గీతకి డిస్నీలో చోటు దొరకదు అని గ్రహించి భౌతికశాస్త్రమూ, కంప్యూటర్లూ చదివాడు. కల మాత్రం పోలేదు.

1972లో ఒక పని చేశాడు. తన ఎడమ చేతికి ప్లాస్టర్‌తో అచ్చు తీశాడు. అచ్చు ఊడదీస్తుంటే చేతి వెంట్రుకలు కూడా దాంతోపాటే వచ్చేశాయి! (పిండివంటకి అచ్చు వాడే మన అమ్మమ్మలు ముందు నూనె రాయమని చెప్పేవారు.) అచ్చులోంచి తీసిన ప్లాస్టర్ చేతిమీద 350 దాకా చిన్న చిన్న త్రిభుజాలూ బహుభుజులూ సిరాతో గీశాడు. ప్రతి మూలనూ కొలిచి ఆ అంకెల్ని కంప్యూటరుకి అందించాడు. అప్పుడు తెరమీద ఆ చెయ్యి మెల్లగా తిరిగింది, వేళ్లు ముడిచింది, తెరిచింది. ఆ ముక్క 1976లో 'ఫ్యూచర్‌వరల్డ్' అనే హాలీవుడ్ చిత్రంలో కనిపించింది. 2011లో అమెరికా ప్రభుత్వం దాన్ని భద్రపరచదగిన చిత్రాల జాబితాలో చేర్చింది. గీయడం చేతకాదని వదులుకున్న చెయ్యే చరిత్రకెక్కింది చూశారా!

తప్పిపోయిన సంబంధం

1973 వసంతంలో సదర్లాండ్ మన క్యాట్‌మల్‌ను డిస్నీ స్టూడియోకి పంపాడు. ఉద్యోగం అడగడానికి కాదు. ఒక సంబంధం మాట్లాడడానికి. మాట ఇది: డిస్నీ తన చిత్రకారుణ్ణి ఒకణ్ణి యూటాకి పంపాలి. అతను కంప్యూటర్ల పని నేర్చుకుంటాడు. యూటా తన విద్యార్థిని ఒకణ్ణి డిస్నీకి పంపుతుంది. అతను కథ చెప్పడం నేర్చుకుంటాడు. ఇచ్చి పుచ్చుకోవడం. ఖర్చు కూడా పెద్దగా లేదు.

డిస్నీ పెద్దలు విన్నారు. కంప్యూటరుకీ కార్టూన్ చిత్రానికీ సంబంధం ఏమిటి అనుకున్నారు. వద్దన్నారు. "నువ్వు మాత్రం రావయ్యా, మా డిస్నీ వరల్డ్‌లో స్పేస్ మౌంటెన్ అని కొత్త విహారయంత్రం కడుతున్నాం, దానికి పనిచెయ్యి" అన్నట్టు ఉద్యోగం చూపించారు. చిన్ననాటి కల గుమ్మం తెరిచింది! మీరైతే ఏం చేసేవారు? క్యాట్‌మల్ దణ్ణం పెట్టి వెనక్కి వచ్చేశాడు. అతనికి కావలసింది డిస్నీ జీతం కాదు, కంప్యూటరుతో తీసిన నిండు చలనచిత్రం.

ఈ సన్నివేశం గుర్తుంచుకోండి. కథంతా దీనిచుట్టూనే తిరుగుతుంది.

మాయాబజారు మాస్కింగు, నాలుగో అంకె

1974లో డాక్టరేటు చేతికి వచ్చింది. ఆ థీసిస్‌లో ఉన్నవి సామాన్యమైనవి కావు. వంపు తిరిగిన ఉపరితలానికి నగిషీ అంటించడం, ఏ వస్తువు ముందుందో ఏది వెనకుందో తేల్చడం... ఈనాటికీ మీ వీడియో ఆటలన్నిటిలోనూ నడుస్తున్నవి అవే. అయినా బొమ్మల సినిమా తీస్తానంటే పనిచ్చేవాడు లేడు. చివరికి ఒకాయన పిలిచాడు. అలెగ్జాండర్ షూర్. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి అధిపతి. ఈయనకి సినిమా పిచ్చి. ఖర్చుకి వెనుదీయడు. యూటాలో ప్రొఫెసర్లు పెట్టారన్న కంపెనీ గుర్తుందిగా? బొమ్మను చుక్కచుక్కగా దాచుకునే యంత్రాన్ని ఒక్కటి సుమారు 80 వేల డాలర్లకి ఆ కంపెనీ దగ్గర కొన్నాడు. చాలక తర్వాత మరికొన్ని తెప్పించాడు!

1975లో ఆల్వీ రే స్మిత్ కూడా అక్కడికి చేరాడు. అతనూ, క్యాట్‌మల్‌ కలిసి కనిపెట్టినదాన్ని మన సినిమా భాషలో చెబుతాను. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్‌ట్లీ చేసిన మాయలన్నీ మీకు తెలుసు. ఆ రోజుల్లో కెమెరా కన్నులో సగం మూసి తీసి, ఫిలిం వెనక్కి తిప్పి, మిగతా సగం తెరిచి మళ్లీ తీసేవారు. ఇద్దరు రామారావులు పక్కపక్కన నిలబడేది అలాగే. వెంట్రుకవాసి తేడా వస్తే మధ్యలో గీత కనిపించి ప్రేక్షకుడు ఈల వేసేవాడు. కంప్యూటర్ బొమ్మలో ప్రతి చుక్కకీ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలుంటాయి. వీళ్లు నాలుగో అంకె చేర్చారు: ఈ చుక్కలోంచి వెనకది ఎంత కనబడాలి? అంతే! పొగ, గాజు, జుట్టు చివర, ఏదైనా సరే, ఒకదానిమీద ఒకటి గీత లేకుండా అతుక్కుంటాయి. దాన్ని ఆల్ఫా అంటారు. 'బాహుబలి'లో మాహిష్మతి కోట ముందు మనుషులు నిలబడ్డారంటే ఆ నాలుగో అంకె పుణ్యం కూడా ఉంది. ఆ పనికి 1996లో ఆస్కార్ సంస్థవారు శాస్త్ర సాంకేతిక బహుమతి ఇచ్చారు.

అన్నీ ఉన్నాయి. మరి సినిమా? 1975లో షూర్‌గారి 'టబ్బీ ది ట్యూబా' వచ్చింది. కంప్యూటరుతో కాదు, పాత పద్ధతిలో చేత్తో గీయించిందే. చూసిన ఈ కుర్రాళ్ల గుండె జారిపోయింది. యంత్రాలుండీ, డబ్బుండీ, కథ చెప్పేవాడు లేకపోతే ఏమవుతుందో కళ్లారా చూశారు. 1979లో 'స్టార్ వార్స్' జార్జ్ లూకాస్ కబురు పెట్టగానే క్యాట్‌మల్ వెళ్లిపోయాడు. వెనకే స్మిత్, ఇంకా కొందరు. నీరు పోసింది షూర్, కాయ కోసుకుంది లూకాస్. ఈ కథలో నాకు జాలి వేసేది ఆ షూర్ ఒక్కడిమీదే. పోస్టరుమీద పేరు లేకుండా పోయిన నిర్మాత అతను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. న్యూయార్క్‌లో ఉన్నప్పుడే వీళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. కనిపెట్టినదాన్ని దాచకూడదు, రాసి అచ్చువేయించాలి, ఏటా జరిగే సిగ్‌గ్రాఫ్ సభలో అందరి ముందూ పెట్టాలి. పోటీవాళ్లు చదువుకుంటారన్న భయం లేదా? ఉంది. అయినా సరే. దానివల్ల దేశంలో ఏ మూల మంచి బుర్ర ఉన్నా వీళ్లను వెతుక్కుంటూ వచ్చేది. బోయింగ్ విమానాల కంపెనీలో పనిచేసే లోరెన్ కార్పెంటర్ 1980 సభలో కంప్యూటరుతో చేసిన కొండల చిత్రం చూపించాడు. లూకాస్ దగ్గర ఉద్యోగం వచ్చింది. దాచిపెట్టుకున్న కంపెనీకి ఇలాంటివాడు దొరుకుతాడా?

గడప బయట కుదిరిన పెళ్లి

ఇప్పుడు రెండో కథానాయకుడు ప్రవేశిస్తాడు. జాన్ లాసెటర్. ఇతను కాల్ఆర్ట్స్ అనే విద్యాసంస్థలో చదివాడు. దాన్ని రెండు పాత కళాశాలలు కలిపి 1961లో నెలకొల్పినవాడు సాక్షాత్తూ వాల్ట్ డిస్నీ. 1975లో అక్కడ డిస్నీ ప్రోత్సాహంతో బొమ్మలకి ప్రాణం పోసే కోర్సు మొదలుపెడితే, మొదటి జట్టులోనే ఇతను చేరాడు. చదువయ్యాక డిస్నీలోనే కొలువు. కంప్యూటరుతో చిత్రం తీద్దామని ఉత్సాహపడి పెద్దల దగ్గర చెప్పాడు. వెంటనే ఉద్యోగం ఊడింది!

ఉద్యోగం ఊడినవాడు నేరుగా క్యాట్‌మల్ బృందంలోకి వచ్చి పడ్డాడు. ఇప్పుడు ఆలోచించండి. 1973లో అడిగింది ఏమిటి? మాకో చిత్రకారుణ్ణి ఇవ్వండి, మా కంప్యూటర్ కుర్రాణ్ణి తీసుకోండి అని. ఆ ఇద్దరూ కలిశారు. కాకపోతే డిస్నీ గడప బయట!

1984లో ఇద్దరి పనీ కలిసి 'ఆండ్రే అండ్ వాలీ బి.' అనే చిట్టి చిత్రం తయారైంది. తమ యంత్రాలు చాలక క్రే కంపెనీవారి సూపర్ కంప్యూటర్లూ, ఎం.ఐ.టి. విద్యాలయంవారి కంప్యూటర్లూ అరువు తీసుకున్నారు. అయినా సిగ్‌గ్రాఫ్ సభ నాటికి పూర్తికాలేదు. కొన్ని దృశ్యాలు రంగులు లేకుండా తీగల చట్రంలాగే ఉండిపోయాయి. సిగ్గుపడుతూ అలాగే వేశారు. చూసినవాళ్లలో చాలామంది ఆ లోటును పట్టించుకోనేలేదట! ఎందుకంటే వాళ్లు కథలో పడిపోయారు. మన ప్రొడక్షన్ మేనేజర్లు గోడమీద రాసుకోవలసిన సంగతి.

తరువాతిది త్వరగా చెబుతాను. 1986లో స్టీవ్ జాబ్స్ లూకాస్‌కు 50 లక్షల డాలర్లిచ్చి, పెట్టుబడిగా మరో 50 లక్షలు పెట్టి ఆ విభాగాన్ని కొన్నాడు. పిక్సార్ కంపెనీ అయింది. అది అమ్మే కంప్యూటరును కొనేవాళ్లు కరువు. అప్పుడు వచ్చిన పెద్ద ఖాతాదారు ఎవరనుకున్నారు? డిస్నీ! కాగితంమీద గీసిన బొమ్మను సెల్యులాయిడ్ రేకుమీద దించి, వెనకనుంచి రంగులు పూసి, ఒక్కొక్కటే ఫొటో తీసే పాత పద్ధతి ఖర్చు భరించలేక, రంగులపని కంప్యూటరుకి అప్పగించే ఏర్పాటు చేసిపెట్టమని అడిగింది. ఇరుపక్షాల ఇంజనీర్లూ కలిసి దాన్ని తయారుచేశారు. 1989లో 'లిటిల్ మెర్మెయిడ్' చివరి దృశ్యంలో రుచి చూశారు. 1990లో 'రెస్క్యూయర్స్ డౌన్ అండర్' మొత్తం దానితోనే చేశారు. 1991 'బ్యూటీ అండ్ ది బీస్ట్'లో ఆ నాట్యశాల దృశ్యం చూసినవాళ్లు మరిచిపోరు.

అయిదేళ్లు కలిసి పనిచేశాక నమ్మకం కుదిరింది. 1991లో చిత్రాల ఒప్పందం రాసుకున్నారు. అలాగని సంసారం సాఫీగా సాగిందనుకోకండి. 'టాయ్ స్టోరీ'కి పదును చాలదు, ఇంకా ఘాటు పెంచండి అని డిస్నీవాళ్లు పోరుపెట్టారు. వీళ్లు పెంచారు, పెంచారు. 1993 నవంబరు 19న బొమ్మల రీళ్లు వేసి చూస్తే కథానాయకుడు ఉడీ పరమ దుర్మార్గుడైపోయి కూర్చున్నాడు! డిస్నీ పని ఆపించింది. పిక్సార్‌వాళ్లు ఆ రోజుకి 'నల్ల శుక్రవారం' అని పేరు పెట్టుకున్నారు. తమకు నచ్చినట్టు కథ మళ్లీ రాసుకుని బతికి బయటపడ్డారు. నాకు తోచేది చెప్పనా? భాగస్వామి చెప్పింది వినాలి, కానీ చెప్పిందల్లా చెయ్యకూడదు. తేడా తెలుసుకోవడానికి వాళ్లకి ఒక సినిమా పోయినంత పనయింది.

1995 నవంబరులో 'టాయ్ స్టోరీ' విడుదల. 1,14,240 ఫ్రేములు. వాటిని తయారుచెయ్యడానికి కంప్యూటర్లు పనిచేసిన గంటలన్నీ కలిపితే 8 లక్షలు! అదే 1995లో మనకి కోడి రామకృష్ణగారి 'అమ్మోరు' వచ్చింది. నా మట్టుకు నాకు గ్రాఫిక్స్ అన్న మాట పరిచయమయింది ఆ సినిమాతోనే. పూనకాలు వచ్చినవాళ్ల మధ్య కూర్చుని, ఆ మాయలెలా చేశారా అని తల పగలగొట్టుకున్నాను.

ఇక క్లైమాక్సు. 2006లో డిస్నీ పిక్సార్‌ను 740 కోట్ల డాలర్లకు కొన్నది. తమ సొంత బొమ్మల స్టూడియోకి కూడా అధ్యక్షుడిగా ఎడ్ క్యాట్‌మల్‌నే కూర్చోబెట్టింది. కట్నం లేకుండా వచ్చిన సంబంధాన్ని కాదని 33 ఏళ్ల తర్వాత ఎదురుకట్నం ఇచ్చి తెచ్చుకోవడమంటే ఇదే!

పాలు, మంచు

"అదంతా పాతకథ సార్, ఇప్పుడు యూనివర్సిటీల అవసరం ఏముంది?" అన్నాడు టీకొట్టు దగ్గర కుర్రాడు. చీకట్లో నీ అరచేతి కింద టార్చి వెలిగించు అన్నాను. చెయ్యి ఎర్రగా కనబడుతుంది. వెలుతురు చర్మంలోకి దూరి, లోపల తిరిగి, వేరేచోట బయటికొస్తుంది. గ్లాసులో పాలు తెల్ల పెయింటులా కాక పాలలాగే కనబడేది కూడా అందుకే. ఆ సంగతి లెక్కలో రాక చాలాకాలం కంప్యూటర్ మనుషులు ప్లాస్టిక్ బొమ్మల్లా ఉండేవారు. పిక్సార్‌లో పనిచేసి ప్రొఫెసర్ అయిన పాట్ హన్రహాన్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సహచరులతో కలిసి 2001లో దానికి సులువైన లెక్క ప్రకటించారు. మరుసటి ఏడాదే 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రెండో భాగంలో గొల్లమ్ వచ్చాడు. ఆ చర్మం చూసి నేను నిజంగా జంకాను.

2013 'ఫ్రోజెన్' సంగతి ఇంకా చిత్రం. మంచు ఒకచోట ముద్దగా నిలబడుతుంది, ఇంకోచోట పొడిగా రాలుతుంది, కొండ చరియమీద నీళ్లలా పారుతుంది. ఒక్క లెక్కకి లొంగదు. డిస్నీవాళ్లు లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గణితవేత్తలతో కలిసి కూర్చున్నారు. గట్టి పదార్థాల ఒత్తిడి తెలుసుకోవడానికి ఇంజనీర్లు వాడుకునే ఒక పద్ధతిని మంచుకి మలిచారు. ఆ పద్ధతినంతా రాసి సిగ్‌గ్రాఫ్ సభలో చదివారు కూడా. సినిమా విడుదల కావడానికి ముందే!

2019 సంవత్సరానికి ట్యూరింగ్ బహుమతి క్యాట్‌మల్, హన్రహాన్ ఇద్దరికీ ఇచ్చారు. కంప్యూటర్ శాస్త్రంలో అంతకు మించినది లేదు. అన్నట్టు, 1994లో ఆ బహుమతి అందుకున్నవారిలో మన చిత్తూరు జిల్లావాడు రాజ్ రెడ్డిగారు ఒకరు. ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంతో కలిసే 2008లో డిస్నీ ఒక పరిశోధనశాల తెరిచింది. 1973లో విద్యార్థిని ఒకణ్ణి తీసుకోమంటే వద్దన్న డిస్నీ!

ఒక చేదు గుళిక

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే. మనుషులు ఇక్కడినుంచి అక్కడికి, అక్కడినుంచి ఇక్కడికి స్వేచ్ఛగా పోబట్టే ఈ కళ పుట్టిందని చెప్పాను కదా? ఆ స్వేచ్ఛతో పైకొచ్చిన కంపెనీలే, ఒకరి ఉద్యోగుల్ని ఒకరు పిలవకూడదని లోపాయికారీగా మాట్లాడుకున్నాయని 2010లో అమెరికా న్యాయశాఖ కేసు పెట్టింది. పిక్సార్, లూకాస్‌ఫిలిం రెండూ అందులో ఉన్నాయి. ఆ తర్వాత చిత్రకారులే కోర్టుకెక్కారు. మా జీతాలు పెరగకుండా తొక్కిపట్టారన్నారు. క్యాట్‌మల్ తన సాక్ష్యంలో ఆ ఏర్పాటును సమర్థించుకున్నాడు. 2017లో డిస్నీ 10 కోట్ల డాలర్లకు రాజీ పడింది. షూర్ దగ్గరనుంచి జట్టుతో సహా లేచివచ్చినవాడు ఇలా మాట్లాడితే నాకైతే మింగుడుపడలేదు. కథానాయకుణ్ణి చివరిదాకా కథానాయకుడిగానే చూడాలని ఉంటుంది మనకి. ఏం చేస్తాం.

కుర్రాడు అప్పటికి టీ తాగడం మరిచిపోయి వింటున్నాడు. చల్లారిపోయింది. ఇంకోటి చెబుతూ అతనికి టీ పాత్ర సంగతి చెప్పాను. యూటాలోనే మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకుడు 1975లో తన ప్రయోగానికి ఏ వస్తువు తీసుకోవాలా అని ఆలోచిస్తుంటే, టీ తాగుతున్న వేళ భార్య ఎదురుగా ఉన్న టీ పాత్రను చూపించిందట. దాన్ని కొలిచి అంకెలుగా మార్చి, కావలసినవాళ్లందరికీ ఇచ్చేశాడు. ప్రపంచంలో కంప్యూటర్ బొమ్మలు నేర్చుకునేవాళ్లు ఈనాటికీ ఆ పాత్రతోనే ఓనమాలు దిద్దుతున్నారు. అసలు పాత్ర కాలిఫోర్నియాలో కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో ఉంది. ఈసారి 'టాయ్ స్టోరీ' చూసినప్పుడు, తలలేని బొమ్మలతో బజ్ టీ విందుకి కూర్చునే దృశ్యంలో బల్లమీదికి చూడండి. ఆ పాత్ర అక్కడే ఉంటుంది.